యువరాజు ఎవరిని అడగాలి?

ప్రేమ నవలల్లో కోటీశ్వరుడైన కథానాయకుడు తన పెళ్ళికి ఎవరి అనుమతీ తీసుకోనక్కర్లేదు. కంపెనీ అతనిది, విమానం అతనిది, నిర్ణయం అతనిది. తల్లి ఒప్పుకోకపోతే కొన్నాళ్ళు అలుగుతుంది, చివరికి మెత్తబడుతుంది. యువరాజు సంగతి వేరు. అతను అడగాలి. తండ్రిని అడగాలి, ప్రధానమంత్రిని అడగాలి, కొన్ని దేశాల్లో పార్లమెంటును అడగాలి. వాళ్ళు కాదంటే, ఆ కాదనడానికి ఒక చట్టం ఉంటుంది, దానికో తేదీ ఉంటుంది, కింద సంతకం ఉంటుంది.

రాజకుటుంబాల ప్రేమ నవలలు ఎందుకు ఇంతగా చదువుతారంటే చాలామంది వజ్రాల కిరీటాలూ, పాలరాతి మెట్లూ, పట్టు గౌన్లూ అని చెప్పేస్తారు. వాటి ఆకర్షణ లేదని ఎవరూ అనరు. కానీ ఆ హంగులన్నీ కోటీశ్వరుడి కథలోనూ దొరుకుతాయి. రెండూ చదివే పాఠకురాలు రాజుగారి కథలో అదనంగా వెతుక్కునేది అడ్డంకిని. ఈ కాలపు ప్రేమకథకు అసలు కరువు అడ్డంకికే. ఇద్దరూ చదువుకున్నారు, ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి, ఫోన్ తీసి మాట్లాడుకుంటే సగం అపార్థాలు తీరిపోతాయి. మూడు వందల పేజీలు వాళ్ళను విడిగా ఉంచాలంటే రచయిత నానా తంటాలు పడాలి. రాచరికం ఆ అడ్డంకిని తయారుగా చేతికిస్తుంది, అదీ చరిత్రలో నిజంగా పనిచేసిన అడ్డంకి.

బ్రిటన్‌లో 1772లో వచ్చిన రాజకుటుంబ వివాహాల చట్టాన్నే చూడండి. అప్పటి రాజు మూడో జార్జి తమ్ముడొకడు అంతకు ముందు ఏడాది అన్నకు చెప్పకుండా ఒక వితంతువును పెళ్ళాడాడు. ఆ కోపంలో పుట్టిన చట్టమిది. రెండో జార్జి వంశంలో, విదేశీ కుటుంబాల్లోకి కోడళ్ళుగా వెళ్ళిన రాకుమార్తెల సంతతి తప్ప, ఎవరైనా సరే రాజు అనుమతి లేకుండా చేసుకున్న పెళ్ళి చెల్లదు. 25 ఏళ్ళు దాటినవాళ్ళకు మాత్రం ఒక దారి విడిచారు. రాజుగారి సలహా మండలి అయిన ప్రీవీ కౌన్సిల్‌కు నోటీసు ఇచ్చి 12 నెలలు ఆగాలి, ఆలోగా పార్లమెంటు ఉభయ సభలూ అభ్యంతరం చెప్పకపోతే పెళ్ళి చేసుకోవచ్చు. ఇందులో ఒక నవల మొత్తం ఉంది: గడువు ఉంది, ఎదురుచూపు ఉంది, ఎవరు ఎటు ఓటేస్తారో అన్న ఉత్కంఠ ఉంది.

మూడో జార్జి పెద్దకొడుకే ఆ చట్టానికి మొదట చిక్కాడు. 1785 డిసెంబరు 15న మరియా ఫిట్జ్‌హెర్బర్ట్ అనే వితంతువును ఆమె ఇంట్లోనే రహస్యంగా పెళ్ళాడాడు. అనుమతి లేదు కాబట్టి అది చెల్లలేదు. ఒకవేళ చెల్లి ఉంటే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆమె క్యాథలిక్. క్యాథలిక్‌ను పెళ్ళాడినవాడికి సింహాసనం లేదని 1701 నాటి చట్టం అప్పటికే చెబుతోంది. 1795లో అతను తన సొంత మేనత్త కూతురైన కరోలిన్‌ను అప్పులు తీరడం కోసం చేసుకున్నాడు. 1811 నుంచి 1820 దాకా తండ్రి బదులు పాలించిన రీజెంట్ ఇతనే. ఇంగ్లిష్ చారిత్రక ప్రేమ నవలల్లో పెద్ద భాగం నడిచే 'రీజెన్సీ' కాలానికి ఆ పేరు ఇతని వల్లే వచ్చింది. ప్రేమ పెళ్ళి చెల్లని మనిషి పేరు మీద ఒక ప్రేమకథల శాఖే వెలిసింది.

ఇప్పటి బ్రిటన్‌ను నేపథ్యంగా తీసుకునే రచయితలు ఇక్కడే తప్పు చేస్తుంటారు. 2013లో చేసి 2015 మార్చిలో అమలుకు తెచ్చిన చట్టం పాత నిబంధనను ఎత్తేసింది. వారసత్వ క్రమంలో మొదటి ఆరుగురికే ఇప్పుడు అనుమతి కావాలి. అది లేకుండా పెళ్ళాడితే పెళ్ళి చెల్లుతుంది, వారసత్వపు హక్కే పోతుంది. క్యాథలిక్‌ను చేసుకున్నా ఇప్పుడు అడ్డు లేదు. పన్నెండో స్థానంలో ఉన్న కుర్రాడు రాజుగారి సంతకం కోసం కన్నీళ్ళు పెట్టుకుంటే, తెలిసిన పాఠకురాలు పుస్తకం మూసేస్తుంది.

చట్టం మనుషుల బతుకుల్లో ఎలా పనిచేస్తుందో చూడాలంటే స్వీడన్ కథను మించినది నాకు కనిపించదు. అక్కడి పాత వారసత్వ చట్టం ప్రకారం సామాన్యుడి కూతుర్ని పెళ్ళాడిన యువరాజు వారసత్వం కోల్పోతాడు. తర్వాత రాజైన ఆరో గుస్తావ్ అడాల్ఫ్‌కు నలుగురు కొడుకులు. సిగ్వార్డ్ 1934లో, కార్ల్ యోహాన్ 1946లో మనసుకు నచ్చినవాళ్ళను చేసుకుని హక్కు పోగొట్టుకున్నారు. పెద్దవాడు 1947 జనవరిలో కోపెన్‌హాగెన్ విమాన ప్రమాదంలో పోయాడు. అతని కొడుకు అప్పటికి తొమ్మిది నెలల పసివాడు. ఇక కొడుకుల్లో మిగిలింది బెర్టిల్ ఒక్కడు. తాతగారు పోయేసరికి మనవడికి వయసు రాకపోతే రాజ్యం చూసుకోవలసింది ఇతనే.

ఆ బెర్టిల్ 1943లో, యుద్ధం మధ్యలో, లండన్‌లో లిలియన్ క్రెయిగ్‌ను కలిశాడు. ఆమె వేల్స్‌లోని స్వాన్సీలో పుట్టిన సామాన్య కుటుంబపు స్త్రీ. అప్పటికే పెళ్ళయింది, తర్వాత విడాకులయ్యాయి. ఇతను చేసుకుంటే సింహాసనానికి ఆసరా పోతుంది. చేసుకోలేదు, వదిలిపెట్టనూ లేదు. ఇద్దరూ కలిసే బతికారు, ఆర్భాటం లేకుండా. 1973 సెప్టెంబరులో ముసలి రాజు పోయాడు. పసివాడు అప్పటికి 27 ఏళ్ళ కుర్రాడై పదహారో కార్ల్ గుస్తావ్‌గా సింహాసనం ఎక్కాడు. యువరాజులకు అడ్డుపడిన నియమం రాజుకు అడ్డుపడలేదు. 1976 జూన్ 19న అతను మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పరిచయమైన సిల్వియాను పెళ్ళాడాడు. బాబాయికి అనుమతి కూడా అతనే ఇచ్చాడు. అదే ఏడాది డిసెంబరు 7న బెర్టిల్, లిలియన్‌ల పెళ్ళి జరిగింది. వరుడికి 64, వధువుకు 61. మొదటి చూపుకూ పెళ్ళికీ మధ్య 33 ఏళ్ళు.

ఈ కథలో చెడ్డవాడు లేడు. ముసలి రాజు క్రూరుడు కాడు, బెర్టిల్ పిరికివాడు కాడు, లిలియన్ ఆశపోతు కాదు. ముగ్గురి మధ్యా ఉన్నది ఒక నిబంధనా, ఒక విమాన ప్రమాదమూ. మంచి రాజకుటుంబ నవల ఇలాగే ఉంటుంది. ప్రతినాయకురాలిగా ఒక అసూయపరురాలైన దొరసానిని తెచ్చి నిలబెట్టే నవలలు సగంలోనే నీరసించడానికి కారణం, ఆమెను ఇంట్లోంచి పంపేస్తే కథ అయిపోవడం. నిబంధనను ఎవరూ ఇంట్లోంచి పంపలేరు.

తెలుగువాళ్ళకు ఈ తరహా కథ కొత్తదేమీ కాదు. ఆదిపర్వంలో శంతనుడు సత్యవతిని అడిగినప్పుడు దాశరాజు కన్నీళ్ళు పెట్టలేదు, తిట్టలేదు. షరతు పెట్టాడు: నా కూతురి కొడుక్కే రాజ్యం. శంతనుడు మాట ఇవ్వలేక తిరిగొచ్చి మంచం పట్టాడు. దేవవ్రతుడే వెళ్ళి రాజ్యం వదులుకుంటానన్నాడు. దాశరాజు అప్పుడూ ఊరుకోలేదు. నువ్వు సరే, నీ కొడుకులు ఊరుకుంటారా అన్నాడు. మొదటి షరతులో ఉన్న సందును కనిపెట్టి రెండో షరతుతో మూసేసిన మనిషి అతను. బ్రహ్మచర్య ప్రతిజ్ఞ అలా వచ్చింది. శకుంతల కూడా గాంధర్వ వివాహానికి ముందు దుష్యంతుడి దగ్గర ఇదే మాట తీసుకుంది, తన కొడుకే యువరాజు కావాలని. మన పురాణాల్లో రాజుల ప్రేమకథ ఎప్పుడూ వారసత్వపు ఒప్పందంతో కలిసే నడిచింది.

మన పాఠకురాళ్ళను ఈ నవలలు ప్రత్యేకంగా తాకడానికి ఇంకో కారణం ఉంది. మన ఇళ్ళల్లో పెళ్ళి ఇద్దరి విషయం కాదని అందరికీ తెలుసు. కానీ మన ఇంటి 'కాదు' కాగితం మీద ఉండదు. నలుగురూ ఏమనుకుంటారో అన్న రూపంలో వస్తుంది, అమ్మకు వచ్చే తలనొప్పిగా వస్తుంది, భోజనాల దగ్గర నాన్నగారి మౌనంగా వస్తుంది. ఎవరు కాదన్నారని అడిగితే ఎవరూ కాదనలేదనే అంటారు. రాజకుటుంబ నవలలో అదే 'కాదు'కు రూపం ఉంటుంది. ఫలానా చట్టం, ఫలానా వ్యక్తి, ఫలానా తేదీ. కనిపించే దానితో పోట్లాడవచ్చు. తన జీవితంలో పేరు పెట్టలేకపోయిన దాన్ని పేరుతో సహా పేజీ మీద చూడటం చిన్న తృప్తి కాదు.

ఆ 'కాదు'ను మోసుకొచ్చే పాత్రను చాలామంది రచయితలు సరిగా వాడుకోరు. అది రాజు పాత్రకన్నా ముఖ్యమైన ప్రైవేట్ సెక్రటరీ పాత్ర. 1936 నవంబరు 13న బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్‌కు ఆయన ప్రైవేట్ సెక్రటరీ అలెగ్జాండర్ హార్డింజ్ ఒక ఉత్తరం రాశాడు. పత్రికల మౌనం ఇక ఎన్నాళ్ళో నిలవదు, ప్రభుత్వం రాజీనామా చేసే అవకాశం ఉంది, రాజు పెళ్ళాడాలనుకుంటున్న మిసెస్ సింప్సన్ వెంటనే విదేశానికి వెళ్ళడం మేలు. మర్యాదకు ఎక్కడా లోటు లేదు. సరిగ్గా నాలుగు వారాలకు రాజు గద్దె దిగాడు. మర్యాదగా రాసిన ఉత్తరం ఎంత పని చేస్తుందో తెలిసిన రచయిత్రికి అరుపులూ చెంపదెబ్బలూ అక్కర్లేదు.

సింహాసన త్యాగం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నవలల్లో యువరాజు బాల్కనీలోకి వచ్చి 'నాకు కిరీటం వద్దు' అనగానే అయిపోతుంది. ఎడ్వర్డ్ ముందు మధ్యేమార్గం అడిగాడు: పెళ్ళి జరుగుతుంది, భార్య రాణి కాదు. దీన్నే మోర్గనాటిక్ వివాహం అంటారు. ప్రధాని బాల్డ్విన్ ప్రభుత్వం కుదరదంది. డిసెంబరు 10న రాజు సంతకం చేశాడు, 11న పార్లమెంటు చట్టం చేస్తేనే అది అమలైంది. దక్షిణాఫ్రికా చట్టం ఆయన 10నే దిగిపోయాడంది, ఐర్లండ్ 12న తన చట్టం చేసుకుంది. ఒకే రాజు మూడు తేదీల్లో రాజు కాకుండా పోయాడు. ఆ పై ఏడాది పెళ్ళయ్యాక కూడా భార్యకు 'హర్ రాయల్ హైనెస్' అనే గౌరవం ఇవ్వలేదు. త్యాగంతో కథ ముగిసిందనుకునే రచయిత ఈ చివరి వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. బిరుదు నిరాకరణతో ఇంకో నవల మొదలవుతుంది.

రాసేవాళ్ళకు పనికొచ్చే లెక్క ఒకటి చెబుతాను. ఈ తరహా చిన్న నవల 50 వేల పదాలు ఉంటుందనుకుంటే, మొదటి 12 వేల పదాల లోపలే నియమం పాఠకురాలికి స్పష్టంగా తెలిసిపోవాలి: ఎవరు కాదనగలరు, కాదంటే ఏం పోతుంది. అతను యువరాజన్న రహస్యం సగం దాటాక కూడా దాస్తే, బయటపడినప్పుడు ఆమెకు వచ్చే కోపమే కథ అవుతుంది, నియమానికి చోటు మిగలదు. చిక్కు విడిపోయే దారులు నిజానికి మూడే. చట్టం మారాలి, ఎవరో ఏదో వదులుకోవాలి, లేదా కాలం గడవాలి. నార్వేలో యువరాజు హారాల్డ్ బట్టల వర్తకుడి కూతురు సోన్యా కోసం తొమ్మిదేళ్ళు ఆగాడు. ఆమెను కాకపోతే ఎవరినీ చేసుకోనని తండ్రికి చెప్పేశాడు. రాజుకు అతనొక్కడే కొడుకు, అక్కలు వారసులు కారు. కాబట్టి ఆ మాటకు అర్థం వంశం ఆగిపోతుందని. రాజు ప్రభుత్వంతో సంప్రదించి ఒప్పుకున్నాడు, 1968 ఆగస్టు 29న పెళ్ళయింది. ప్రేమ మాట ఒకటే చోట రాజ్యాంగపు మాట కూడా కావడం, ఈ నవలల్లో అందరూ పట్టుకోవాలని చూసే క్షణం అదే.

నాలుగో దారి ఒకటి వాడుకలో ఉంది. ఆఖరి అధ్యాయంలో ఆమె కూడా రాచబిడ్డేనని తేలుతుంది. మన జానపద కథల్లో పశువులు కాసే కుర్రాడు పుట్టుమచ్చతో రాజకుమారుడని తేలడం ఇదే. జానపదంలో అది ముచ్చటగా ఉంటుంది. నవలలో మాత్రం అంతవరకూ అడిగిన ప్రశ్ననే కొట్టేస్తుంది, సామాన్యురాలు సరిపోదని చివరికి నవలే ఒప్పేసుకుంటుంది.

కల్పిత రాజ్యమైతే చట్టాల బెడద లేదనుకోవడం పొరపాటు. 1894లో ఆంథొనీ హోప్ 'ది ప్రిజనర్ ఆఫ్ జెండా'లో రురిటేనియా అనే రాజ్యాన్ని కల్పించాడు. అలాంటి కల్పిత రాజ్యాలన్నిటికీ ఆ పేరే స్థిరపడింది. కథానాయకుడు అక్కడికి డ్రెస్డెన్ మీదుగా రైల్లో వెళ్తాడు. నిజమైన స్టేషను నుంచి టికెట్ తీసుకుని వెళ్ళగలిగే దేశం కాబట్టే నమ్మాం. ఇవాళ కల్పిత రాజ్యం కట్టేవాళ్ళు కనీసం నాలుగు సంగతులు తేల్చుకోవాలి. పక్క దేశం ఏది, మతం ఏది, కూతురికి వారసత్వం ఉందా, అంతఃపురం ఖర్చు ఎవరు ఓటేసి ఇస్తారు. నాలుగోది వదిలేస్తే రాచరికం గాలిలో తేలుతుంది. పన్ను కట్టే జనం కనబడని రాజుల కథలను విమర్శకులు తప్పుపట్టడం న్యాయమే. రాజభరణాలను 1971లో 26వ రాజ్యాంగ సవరణతో రద్దు చేసుకున్న దేశంలో ఉండి ఆ ప్రశ్న మరిచిపోకూడదు.

ఇక ముగింపు. జెండా నవలలో యువరాణి ప్రేమించినవాణ్ణి కాదని రాజునే పెళ్ళాడుతుంది. వాళ్ళ మధ్య ఏడాదికోసారి ఒక ఎర్ర గులాబీ చేతులు మారుతుంది, అంతే. ఇవాళ్టి ప్రచురణకర్తలు అలాంటి ముగింపు ఒప్పుకోరు, సుఖాంతం కావాలంటారు. సుఖాంతంలో తప్పేమీ లేదు, దాని ధర కనబడితే చాలు. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1900 జూన్ 28న తన భార్యకూ పిల్లలకూ రాజ్యంలో హక్కు ఉండదని ప్రమాణం చేసి, మూడు రోజులకు సోఫీ ఖోటెక్‌ను పెళ్ళాడాడు. రాజసభల్లో ఆమె నడక భర్త పక్కన కాదు, ఎంతో వెనుక. సరిగ్గా పద్నాలుగేళ్ళకు, అదే జూన్ 28న, సారయెవోలో ఇద్దరూ ఒకే కారులో తుపాకీ గుళ్ళకు పోయారు. వియన్నాలో ఆమె శవపేటికను అతని పేటికకన్నా కిందగా పెట్టారు. హాబ్స్‌బర్గుల సమాధి మందిరంలో ఆమెకు చోటు ఇవ్వరని అతనికి ముందే తెలుసు. అందుకే బతికుండగానే ఆర్ట్‌స్టెటెన్‌లోని తన కోటలో సమాధి గది కట్టించి పెట్టుకున్నాడు. ఇద్దరూ అక్కడ పక్కపక్కనే ఉన్నారు.