ఆ 280 మంది మీద మనకెందుకు ఉక్రోషం?

మొన్న ఇక్కడ ఆస్ట్రేలియాలో మన తెలుగు సంఘం పిక్నిక్‌లో పులిహోర ప్లేటు పట్టుకుని ఒకాయన అన్నారు: "మనం ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష మళ్ళీ మళ్ళీ రాసి, పాయింట్లు ఏరుకుని, ఏళ్ళు కాచుకుంటేగానీ పీఆర్, అదే శాశ్వత నివాసం, రాలేదు. పసిఫిక్ దీవుల దేశం తువాలు వాళ్ళకి లాటరీలో ఇచ్చేస్తున్నారట!" చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఆయన బాధ అబద్ధం కాదు. ఆ పాయింట్లు నేనూ ఏరుకున్నాను. కానీ నిరుడు ఆఫీసు పని మీద తువాలు రాజధాని ఫునాఫుటిలో మూడు రోజులున్నాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఫిజీ నుంచి చిన్న ప్రొపెల్లర్ విమానం. పైనుంచి చూస్తే సముద్రంలో ఎవరో కొబ్బరి ఈనె పడేసినట్టుంటుంది ఆ నేల. తొమ్మిది దీవులూ కలిపినా 26 చదరపు కిలోమీటర్లు, జనం పదకొండు వేలు అటూఇటూ. రన్‌వే 1943లో యుద్ధం కోసం అమెరికన్లు వేసింది. విమానం వచ్చే ముందు సైరన్ మోగుతుంది, అందరూ పక్కకి తప్పుకుంటారు. అది వెళ్ళిపోయాక మళ్ళీ ఆటస్థలమే. ఉక్కపోత రాత్రుల్లో చాపలు తెచ్చుకుని అక్కడే పడుకుంటారు, మన డాబాల మీద పడుకున్నట్టు.

నది లేదు, చెరువు లేదు. తాగాలంటే ముఖ్యంగా వాన నీళ్ళే. నేను దిగిన ఇంటావిడ రోజూ పొద్దున్నే ట్యాంకుని వేలి మెటికలతో పైనుంచి కిందకి తట్టుకుంటూ వచ్చేది. శబ్దం మారిన చోట ఆగి, అరచెయ్యి ఆనించి, నాకేసి చూసేది. ఒక్క మాట అనలేదు. రెండో రోజు నుంచి నా స్నానం సగం బకెట్‌తో అయిపోయింది.

సముద్రం ఒడ్డు దాటొచ్చి ముంచుతుందని మనం అనుకుంటాం. అక్కడి నేల పగడపు రాయి, ఒట్టి జల్లెడ. పెద్ద పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు పెరట్లోంచే ఊరుతుంది. పులక అని చేమ జాతి దుంపని గుంటలు తవ్వి పెంచుతారు. ఆ గుంటల్లోకీ ఉప్పు చేరుతోంది. రొయ్యల చెరువు పక్కన వరిచేను ఉన్న మా కోనసీమవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక ఆ లాటరీ వీసా. ఆస్ట్రేలియాకీ తువాలుకీ మధ్య 2023 నవంబరులో సంతకాలై, మరుసటి ఆగస్టులో అమల్లోకి వచ్చిన ఫలెపిలి ఒప్పందం కింద ఇచ్చేది అది. పక్కింటివాళ్ళని మనవాళ్ళలా చూసుకోవడాన్ని వాళ్ళు ఫలెపిలి అంటారు. ఏడాదికి 280 మందికే అవకాశం. 2025లో తొలి లాటరీకి కుటుంబసభ్యులతో కలిపి ఎనిమిది వేలమందికి పైగా పేర్లిచ్చారు. ఇది ఊరికే ఇచ్చింది కాదు. ఇకమీదట తువాలు ఇంకో దేశంతో రక్షణ ఒప్పందం చేసుకోవాలంటే ఆస్ట్రేలియా ఒప్పుకోవాలి. మనం పీఆర్‌కి ఫీజు కట్టాం, వాళ్ళ దేశం తన మాటనే కొంత తాకట్టు పెట్టింది. పైగా సంక్రాంతికి టికెట్ దొరకలేదని మనం గొణుక్కునేది, వెళ్ళడానికి ఊరు ఉండబట్టే.

ఆ ఇంటావిడ తన పిల్లల పేర్లిచ్చింది, తనది ఇవ్వలేదు. "ట్యాంకు ఎవరు చూస్తారు?" అంది నవ్వుతూ.

కొత్తగా దిగే మన పిల్లలకి సంఘం ఎయిర్‌పోర్టు పికప్ చూస్తుంది, అద్దె ఇల్లు వెతికిపెడుతుంది. అదే జాబితాలో తువాలు కుటుంబాలనీ చేర్చమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. మా ఇంట్లో రెండు కుక్కర్లు ఊరికే పడి ఉన్నాయి, ముందు అవి పట్టుకెళ్ళండి.