సవరణ: లండన్ ఖర్చుల లెక్కలో నా తప్పులు

ఇద్దరు పిల్లలతో లండన్ వచ్చే కుటుంబానికి ఎంత ఖర్చవుతుందో గత వారం లెక్క వేసి రాశాను. అందులో తప్పులు దొర్లాయి. ఒకటి జేబుకు చిల్లు పెట్టేదే.

వీసాతో పాటు కట్టాల్సిన ఆరోగ్య సర్‌ఛార్జి తలకు ఏడాదికి 1,035 పౌండ్లని, ఏటా కట్టుకోవచ్చని రాశాను. 2024 ఫిబ్రవరి నుంచి ఆ రేటు పెద్దలకే. 18 ఏళ్లలోపు పిల్లలకు 776. అంతవరకు సంతోషమే. కానీ ఏటా కట్టే వెసులుబాటు లేదు. మూడేళ్ల వీసా అయితే నలుగురికీ కలిపి 10,866 పౌండ్లు దరఖాస్తు చేసేటప్పుడే కట్టాలి, విమానం టికెట్ల మాట ఎత్తకముందే! నా లెక్క నమ్మి డబ్బు సర్దుకున్నవారు క్షమించాలి.

అద్దెలోనే అన్నీ కలిసి ఉంటాయన్నాను. కౌన్సిల్ టాక్స్, అంటే ఇంట్లో ఉండేవారు స్థానిక కౌన్సిల్‌కు కట్టే పన్ను, సాధారణంగా వేరుగా కట్టాలి. మా ఇంటికి వచ్చిన మొదటి బిల్లును నేనే పిజ్జా కరపత్రాలతో పాటు చెత్తబుట్టలో వేశాను. హెచ్చరిక ఉత్తరం వచ్చాక గానీ సంగతి తెలియలేదు. మామూలుగా ఏప్రిల్ నుంచి జనవరి దాకా పది వాయిదాలు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

పిల్లల ప్రయాణాలకు వేసిన 40 పౌండ్లు కొట్టేయండి. 11 ఏళ్లలోపు వారికి బస్సు ఉచితం. పెద్దవారు వెంట ఉంటే ట్యూబ్ (లండన్ మెట్రో) రైలూ ఉచితమే. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మధ్యాహ్న భోజనానికీ డబ్బు కట్టనక్కర్లేదు. మా చిన్నది మాత్రం ఇప్పటికీ పెరుగన్నం డబ్బానే పట్టుకెళ్తోంది, కనుక మా పాల ఖర్చు అలాగే ఉంచాను.