సవరణ: మొదటి దడి దగ్గరికే వచ్చింది

గుర్రాలు దూకే దడుల మీద మొన్న ఆదివారం రాసిన పోస్టులో ఒక తప్పు రాశాను. లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెంలో 2024 నుంచి మొదటి దడిని దూరం జరిపారన్నాను. పూర్తిగా తిరగేశాను. 60 గజాలు, అంటే దాదాపు 55 మీటర్లు, బయలుదేరే చోటుకి దగ్గరగా తెచ్చారు. గుర్రాలు జోరందుకునేలోపే దడి ఎదురవ్వాలని.

పర్లాకిమిడి నుంచి మా మావయ్య ఫోన్‌లోనే పట్టేసుకున్నారు. "మన పెరట్లో వెదురు దడి మేక ఎలా దాటుతుందో చూళ్లేదురా? పక్కనుంచైతే నిలబడి, చూసుకుని దూకుతుంది. వీధి చివర్నుంచి తరిమితే దడితో సహా పడుతుంది." పందెం ఎప్పుడూ చూడని మనిషి!

ఇంకొకటి. దడి లోపల కర్ర చట్రమని రాశాను. అది పాత సంగతి. 2013లోనే తీసేసి, తగిలితే వంగే ప్లాస్టిక్ పెట్టారు. పైన కప్పిన స్ప్రూస్ చెట్టు కొమ్మల ఫొటో చూసి పొరబడ్డాను.

గుర్రాల సంఖ్య 40 నుంచి 34కి తగ్గించడం, బ్రిటన్‌లో దడుల నారింజ పట్టీలను తెలుపు చేయడం సరిగ్గానే రాశాను. నారింజ రంగు మనకి కొట్టొచ్చినట్టుంటుంది కానీ, గుర్రం కంటికి పచ్చగడ్డిలో కలిసిపోతుంది.