రికార్డు నిండింది, క్యూబు పగలనే లేదు
సివిల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది. ఇన్నాళ్లలో నా చేత్తో పోసిన కాంక్రీటు క్యూబు ఒక్కటంటే ఒక్కటి! 150 మిల్లీమీటర్ల అచ్చు, మూడు పొరలుగా నింపి, రాడ్డుతో కూరి, మర్నాడు నీళ్లతొట్టిలో వేశాం. 28 రోజులు ఆగి, ఎంత బరువుకు పగులుతుందో చూద్దామని వెళ్తే, క్యూబును నొక్కి పగలగొట్టే మెషిన్ రిపేరట. "పాత ల్యాబ్ రికార్డు పుస్తకం చూసి రాసేయండి" అన్నారు ల్యాబులో. రాసేయడమేంటండీ? ఆ అంకెను నమ్మే కదా రేపు స్తంభం కట్టేది! సర్వేయింగూ అంతే. దూరాలు, కోణాలు కొలిచే టోటల్ స్టేషన్ అనే ఒక్క పరికరం చుట్టూ ఇరవై మందిమి. దాన్ని సమతలంగా నిలపడానికి అందులోని బుడగను మధ్యలోకి ఎలా తెస్తారో కనబడింది ముందున్న ఇద్దరికే. మార్జిన్ గీత వంకరపోతే మాత్రం రికార్డు మొత్తం మళ్లీ రాయాలి. నీళ్లు ఎక్కువైతే కాంక్రీటు బలం ఎంత పడిపోతుందో ఒక్కసారి కళ్లారా చూపించమంటే, సిలబస్ అవ్వలేదంటారు. మరెప్పుడు చూడాలి, జనం ఆ ఇళ్లలో దిగాకా?