ముట్టుకోని బంతికి తప్పు లేదు

33 ఏళ్ల సర్వీసు. ఒక్క మెమో లేదు, ఒక్క రిమార్కు లేదు, ఒక్క ఇంక్రిమెంటు ఆగలేదు. పదవీ విరమణ రోజున మైకు పట్టుకున్న ప్రతివాడూ నన్ను 'మచ్చలేని మనిషి' అన్నాడు. ఆనాటి శాలువా ఇంకా ప్లాస్టిక్ కవరులోనే ఉంది. దానిమీదా మచ్చ పడకూడదని విప్పలేదు. ఇలాంటి మచ్చలేని మనుషులందరి మీదా అమెరికాలో యాభై ఏళ్లుగా కుట్ర సాగుతోందని నాకు మొన్న సంక్రాంతికి గానీ తెలియలేదు. తెలిశాక ఊరుకోవడం పౌరుడి లక్షణం కాదు గనక ఇది రాస్తున్నాను.

ఆ కుట్ర పేరు రేంజి. బేస్‌బాల్ ఆటలో ఫీల్డరు ఎంత దూరపు బంతిని అందుకోగలడన్న లెక్క.

చెప్పినవాడు మా మేనల్లుడు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంటి ముందు టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి, మావే రెండు కిటికీ అద్దాలు పగలగొట్టి, పెద్దయ్యాక హ్యూస్టన్ వెళ్లి బేస్‌బాల్ పిచ్చి పట్టించుకున్నాడు. పండక్కి వచ్చి అరిసెలు తింటూ ఆ ఆట చెప్పుకొచ్చాడు. పిచ్చరు విసురుతాడు, బ్యాటరు కొట్టి 90 అడుగుల దూరంలోని మొదటి బేసుకి పరుగెడతాడు. బంతి నేలబారుగా వస్తే లోపలి మైదానంలో నలుగురుంటారు. మూడు బేసులకీ ముగ్గురు, రెండో దానికీ మూడోదానికీ మధ్య షార్ట్‌స్టాప్ అనే ఇంకొకడు, మన మిడ్ వికెట్ లాంటి చోట. బంతి ఆపి, బ్యాటరు చేరేలోపు మొదటి బేసుకి విసిరెయ్యాలి. మొత్తం వ్యవహారం నాలుగు సెకన్ల పైచిలుకు. ఆ వ్యవధిలో మా సెక్షన్లో ఫైలు తాడు ముడి కూడా ఊడదు.

అక్కడ వెనకటికి ఫీల్డర్ని కొలిచేందుకు ఒక సంస్కారవంతమైన లెక్క ఉండేది. చేతికి అందిన బంతుల్లో ఎన్ని సవ్యంగా తేల్చాడు, ఎన్ని చెడగొట్టాడు, అంతే. ఫీల్డింగ్ శాతం అంటారు. బంతి మీకు ఆరడుగుల దూరం నుంచి పోయిందనుకోండి, మీరు కదల్లేదనుకోండి. అది బ్యాటరు కొట్టిన చక్కటి షాట్. మీ పద్దులో ఏమీ పడదు. అదే మీరు బుద్ధి తక్కువై పరుగెత్తి, దూకి, చేతికి తగిలించుకుని జారవిడిచారా, పైన కూర్చున్న అధికారిక స్కోరరు 'మామూలు ప్రయత్నంతో పట్టాల్సిన బంతే కదా' అనుకుంటే చాలు, మీ పేరు పక్కన ఎర్రర్.

మా సెక్షన్ నడిచిందీ ఈ సూత్రం మీదే. ఫైలు తెరిచినవాడిదే తప్పు. నా బల్లమీదికొచ్చిన టప్పాని నేను రెండు వేళ్లతో అంచు పట్టుకుని, మార్జిన్లో 'చర్చించవలెను' అని నీలం ఇంకుతో రాసి, తేదీ వేసి, పక్క ట్రేలోకి జార్చేవాణ్ణి. కాగితం మడత కూడా నలిగేది కాదు. పక్క సీటులో ఒక కుర్ర గుమస్తా ఉండేవాడు. వచ్చిందల్లా తెరిచేవాడు. పెన్షన్ కాగితాలు పట్టుకుని ఎండలో వచ్చిన ముసలమ్మకి మెట్లదాకా ఎదురెళ్లి అందుకునేవాడు. ఆ ఏడాది వందల ఫైళ్లు తేల్చాడు. మూడింట్లో కూడిక తప్పింది. మూడు మెమోలు. నాకు సున్నా. శాలువా ఎవరి భుజం మీద పడిందో వేరే చెప్పాలా?

ఈ పద్ధతికి మొదట ఎసరు పెట్టినవాడు హెన్రీ ఛాడ్విక్. 1824లో ఇంగ్లాండులో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరి, క్రికెట్ వార్తలు రాస్తూ రాస్తూ బేస్‌బాల్ మీద పడ్డాడు. తక్కువ తప్పులు చేసినవాడు కాదు, ఎక్కువ మంచి ఆట ఆడినవాడే గొప్పవాడని 19వ శతాబ్దంలోనే వాదించాడు. భగవంతుడి దయవల్ల వందేళ్లపాటు ఎవరూ చెవిని పెట్టలేదు. తర్వాత 1970ల్లో క్యాన్సస్ రాష్ట్రంలో, డబ్బా చిక్కుళ్లు తయారయ్యే ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఉద్యోగి ఒకాయన, పేరు బిల్ జేమ్స్, పుస్తకం పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. నైట్ వాచ్‌మన్ నిద్రపోకపోతే సమాజానికి ఎంత నష్టమో చూడండి. ఫీల్డరు స్వయంగా ఔట్ చేసినవీ, విసిరి ఔటుకి సాయపడ్డవీ కలిపి, తొమ్మిది ఇన్నింగ్సులకి సగటున ఎన్నో లెక్క కట్టాడు. రేంజ్ ఫ్యాక్టర్ అన్నాడు. అందులో తప్పుల ప్రస్తావనే లేదు! ఓజీ స్మిత్ అనే షార్ట్‌స్టాప్ 1980లో 621 సార్లు బంతి విసిరి ఔటుకి సాయపడ్డాడు. ఆ స్థానంలో అది ఈనాటికీ రికార్డు. అదే ఏడు అతగాడు 24 తప్పులు కూడా చేశాడు. ఇరవై నాలుగు మెమోలు తిన్నవాడిని నెత్తిన పెట్టుకుంటున్నారు.

ఇక్కడ నాకు దారి దొరికింది. "ఒరేయ్, పిచ్చరు బంతిని మైదానంలోకి కొట్టనివ్వకుండా అందర్నీ స్ట్రైక్ ఔట్ చేసేస్తే షార్ట్‌స్టాప్‌కి బంతి ఎక్కణ్ణుంచి వస్తుంది? నా సీటుకి టప్పాలే తక్కువ వచ్చేవి" అన్నాను.

"నిజమే మావయ్యా. అందుకే తర్వాత మైదానాన్ని జోన్లుగా గీశారు" అన్నాడు వాడు.

1980ల్లో జాన్ డ్యువాన్ జోన్ రేటింగ్ తెచ్చాడు. నీ జోన్లో పడ్డ బంతుల్లో ఎన్ని ఔటయ్యాయి అని. ఆ తర్వాత మిచెల్ లిచ్‌మన్ వచ్చి, ఏ చోట, ఎంత జోరుగా వచ్చిన బంతిని మిగతావాళ్లు సగటున ఎంతమాత్రం ఆపుతున్నారో చూసి, దాంతో పోల్చి ప్లస్సో మైనస్సో వేశాడు. ఈ జోన్ల సంగతి మనకి కొత్తేం కాదు. జగదాంబ జంక్షన్లో రాత్రి తొమ్మిదికి ఆటో ఎక్కబోయి చూడండి. గాజువాక? రాదు. సింహాచలం? రాదు. పెందుర్తి? రాదండి బాబూ. పక్కనే ఉన్న ఆర్టీసీ కాంప్లెక్స్? ఎక్కండి. ఆ ఆటో అబ్బాయి ఫీల్డింగ్ శాతం నూటికి నూరు. ఎక్కించుకున్న ఒక్కర్నీ దారిలో దింపెయ్యలేదు.

ఇక డెరెక్ జీటర్ గారి విషయం. అవునండీ, గారే. న్యూయార్క్ యాంకీస్ షార్ట్‌స్టాప్. అయిదుసార్లు గోల్డ్ గ్లోవ్ బహుమతి, అంటే ఆ స్థానంలో ఉత్తమ ఫీల్డర్ అని. అప్పట్లో అది ఇచ్చేదెవరు? జట్ల మేనేజర్లు, కోచ్‌లు. అనగా పై అధికారులు. 2010లో ఆయనకి 36 ఏళ్లు. ఏడాది మొత్తమ్మీద ఆరు తప్పులు, ఫీల్డింగ్ శాతం 98.9. పై అధికారులు ఎంతో సంతోషించి అయిదోది ఇచ్చారు. లెక్కలవాళ్లు మాత్రం ఆ ఏడు కూడా మైనస్సే అన్నారు. ఎందుకయ్యా అంటే, రెండడుగులు పక్కనుంచి పోతున్న బంతులు ఆయనకి అందడం లేదట. అక్కడి వ్యాఖ్యాతల నోట 'దూకుతున్న జీటర్ని దాటుకుని' అనేది ఊతపదంలా అయిపోయిందట. నేనడుగుతున్నాను, అందనిదానికి మనిషి ఎలా బాధ్యుడు? అంతకుముందే, 2006లో, బిల్ జేమ్స్ మళ్లీ తగులుకుని ఆయన్ని ఆడమ్ ఎవెరెట్ అనే హ్యూస్టన్ షార్ట్‌స్టాప్‌తో పోల్చాడు. వీడియోలు ముందు పెట్టుకుని ఇద్దరి ఆటా చూసి, ఎవెరెట్టే మెరుగని తేల్చాడు. ఆ ఎవెరెట్‌కి జన్మలో ఒక్క గోల్డ్ గ్లోవ్ రాలేదు. బ్యాటు పట్టుకుంటే సామాన్యుడు, పేరున్న ఊళ్లో పోస్టింగు లేదు. మా కుర్ర గుమస్తాలాగే.

న్యాయం చివరికి గెలుస్తుందనుకోండి. 2020లో జీటర్ గారిని హాల్ ఆఫ్ ఫేమ్‌కి, అంటే ఆ ఆట మహానుభావుల జాబితాకి, ఎన్నుకున్నప్పుడు 397 మందిలో 396 మంది ఓటేశారు. అది ఆయన కొట్టిన 3,465 హిట్లకిగానీ ఆపిన బంతులకి కాదని మా వాడు సన్నాయి నొక్కులు నొక్కాడు. నాకు ఆ మిగిలిన ఒక్కడి మీదే అనుమానం. రాత్రి కాపలా ఉద్యోగం చేసినవాడై ఉంటాడు.

గోల్డ్ గ్లోవ్ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఏడు 1999. రఫాయెల్ పల్మేరో అనే ఆయన ఆ ఏడాది మొదటి బేసు దగ్గర నిలబడ్డది 28 మ్యాచ్‌లే. మిగతావాటిలో చాలామట్టుకు బ్యాటు ఊపి బెంచీమీద కూర్చున్నాడు. మొదటి బేసు ఉత్తమ ఫీల్డర్ బహుమతి ఆయనకే ఇచ్చారు. ఈ కథ మా వాకింగ్ బృందానికి చెబితే ఒక పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. ఆయనకి ఉత్తమ ఉద్యోగి ప్రశంసాపత్రం వచ్చిన సంవత్సరం సగం మెడికల్ లీవులో ఉన్నాడు.

మా బృందం గురించి రెండు మాటలు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో బళ్లు ఆపేశాక పదకొండు మందిమి బయల్దేరతాం. అందరం కలిపి 350 ఏళ్ల సర్వీసు, తప్పులు సున్నా. ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి దాకా నడిచి గట్టుమీద కూర్చుంటాం. ఆ కురుసుర సర్వీసు 31 ఏళ్లే. నాకంటే రెండేళ్లు జూనియరు. ఆ మాటే మేనల్లుడితో అంటే, "అది 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది మావయ్యా. మీరు?" అన్నాడు. ఈ తరానికి పెద్దలతో మాట్లాడటం నేర్పినవాడు లేడు.

ఇప్పుడిక యంత్రాలు దిగాయి. క్రికెట్‌లో 2001లో ఎల్‌బీడబ్ల్యూ చూపించడానికి వచ్చిన హాక్‌ఐ ఉంది చూశారూ, అది 2020లో అమెరికా మేజర్ లీగ్ మైదానాల్లో చేరింది. ఒక్కో మైదానంలో 12 కెమెరాలు. నేలబారు బంతిని అడ్డుకునే చోటికి ఫీల్డరు ఎంత దూరం వెళ్లాలి, ఎంత టైముంది, అక్కణ్ణుంచి బేసు ఎంత దూరం, కొట్టినవాడు ఎంత వేగంగా పరుగెడతాడు, ఈ నాలుగూ చూసి ఔటయ్యే అవకాశం ఎంతో చెప్పేస్తుంది. నూటికి పాతిక అవకాశమున్న బంతిని ఔటు చేస్తే ఫీల్డరుకి ప్లస్ 0.75. వదిలేస్తే మైనస్ 0.25 మాత్రమే. కానీ నూటికి తొంభై అవకాశమున్నది వదిలేస్తే మైనస్ 0.9. ముట్టుకోకపోయినా సరే! ముట్టుకోనిదానికి శిక్ష వెయ్యడం ప్రపంచంలో ఏ సర్వీసు రూల్సులోనైనా ఉందా?

పైగా పోస్టింగుల సుఖం కూడా పోయింది. మధ్యలో కొన్నేళ్లు జట్లు బ్యాటరు ఎటు కొడతాడో ముందే చూసుకుని, ముగ్గురు ఫీల్డర్లని ఒకవైపే నిలబెట్టేవి. నిలబడ్డ చోటికే బంతి వచ్చి చేతిలో పడేది, బద్ధకస్తుడు కూడా చిరుతపులిలా కనిపించేవాడు. మంచి సీటులో పడ్డవాడు పనిమంతుడు కావడం మనకి తెలిసిందేగా. ఈ యంత్రమేమో మనిషి నిలబడ్డ చోటునుంచే కొలత మొదలుపెడుతుంది, సీటు గొప్పతనం మనిషి ఖాతాలో వెయ్యదు. 2023 నుంచి రెండో బేసుకి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఉండి తీరాలని రూలు కూడా పెట్టారు.

ఇదంతా అమెరికాలో ఏడిస్తే నాకెందుకని ఊరుకునేవాణ్ణే. కానీ కనుమ మర్నాడు మా మేనల్లుడు ఈ రోగాన్ని మా వీధిలోకి తెచ్చాడు. కుర్రాళ్ల మ్యాచ్‌లో ఒక మనిషి తక్కువైతే నన్ను గేటు దగ్గర నిలబెట్టారు. నేను ఏ వీధి మ్యాచ్‌లోనూ క్యాచ్ వదల్లేదన్నది జగమెరిగిన సత్యం. వాడు స్కూటర్ సీటు మీద కూర్చుని రూళ్ల నోటుబుక్కు తెరిచాడు. రోడ్డుమీద సుద్దముక్కతో గళ్లు గీశాడు.

నాలుగో బంతి. కుర్రాడు ఊపిన ఊపుకి టెన్నిస్ బాల్ రెండు టప్పులు పడి నా ఎడమ పక్కకి వచ్చింది. నాకు నాలుగడుగుల దూరం ఉంటుందేమో. తడిసి బరువెక్కి, బొచ్చు ఊడిన బంతి, నింపాదిగా దొర్లుతోంది. నేను దానివైపు చూశాను. అనుభవజ్ఞుడి చూపు. వెనకాల డ్రైనేజీ.

సరిగ్గా అప్పుడే పెదజాలారిపేట వైపునుంచి చేపలమ్మే ఆవిడ వస్తోంది. తలమీద అల్యూమినియం బేసిన్, బేసిన్లో వంజరాలు, పైన తడిగుడ్డ. మూడంగల్లో అడ్డొచ్చి, కుడికాలు చాపి బంతిని తొక్కిపట్టింది. బేసిన్ అంగుళం వొరగలేదు. కాలితోనే వికెట్ల వైపు తన్నింది. రెండో పరుగుకి వెళ్తున్న కుర్రాడు రనౌట్.

"ఏటి బాబూ, కాళ్ల కాడికొచ్చిన బంతికి ఒంగలేవేటి?" అంది నాతో.

మా మేనల్లుడు నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. తొంగి చూశాను. నా పేరు ఎదురుగా మైనస్ 0.9. కింద కొత్తగా ఒక గీత గీసి, 'చేపల అత్త, ప్లస్ 0.8' అని.

ఆవిడ టీములో లేదనీ, పాదరక్షలు కూడా లేవనీ, కాబట్టి ఆ రనౌట్ చెల్లదనీ అభ్యంతరం చెప్పాను. ఎవరూ వినకపోతే తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం చేసి మేనల్లుడి చేతికిచ్చాను. వాడు చదివి, జేబులోంచి పెన్ను తీసి, మార్జిన్లో 'చర్చించవలెను' అని రాసి నాకే తిరిగిచ్చాడు.