నాన్నే కోచ్ అయితే ఆ కుర్రాడు ఎవరితో చెప్పుకోవాలి?

2019 జులైలో మసయోషి నకటానీతో ఫైట్ ముగిసేసరికి అమెరికన్ బాక్సర్ టియోఫిమో లోపెజ్ మొహంలో గెలిచిన కళ లేదు. నాకౌట్లకు పేరున్న కుర్రాడు 12 రౌండ్లు ఈడ్చుకొచ్చి పాయింట్ల మీద నెగ్గాడు. పెళ్లి తర్వాత ఇంట్లో మొదలైన గొడవలతో డిప్రెషన్‌లోకి వెళ్లానని తర్వాత తనే చెప్పాడు. అప్పటికి అతనికి ఇంకా 22 నిండలేదు. చేతిలో ఉన్నది ఐబీఎఫ్ (అంతర్జాతీయ బాక్సింగ్ సమాఖ్య) ప్రపంచ టైటిల్ ఫైట్‌కు దారి మాత్రమే.

అయిదు నెలలు గడిచాయి. డిసెంబర్ 14న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అప్పటి చాంపియన్ రిచర్డ్ కామీని రెండో రౌండ్‌లోనే పడగొట్టి ఆ బెల్ట్ అందుకున్నాడు. అందరికీ గుర్తుండిపోయింది ఈ రాత్రి. నాకు మాత్రం ఆ మధ్య అయిదు నెలలే ముఖ్యం అనిపిస్తుంది.

లోపెజ్ తల్లిదండ్రులు హోండురస్ వాళ్లు. అతను పుట్టింది బ్రూక్లిన్‌లో, పెరిగింది ఫ్లోరిడాలో. బాక్సింగ్ నేర్పింది నాన్నే, కోచ్ కూడా ఆయనే. మామూలు కుర్రాడైతే జిమ్‌లో కోచ్ తిడితే ఇంటికొచ్చి నాన్నతో చెప్పుకుంటాడు, ఇంట్లో మాటామాటా పెరిగితే జిమ్‌కు వెళ్లి ఆ కోపాన్ని పంచింగ్ బ్యాగ్ మీద తీర్చుకుంటాడు. ఇక్కడ రెండుచోట్లా అదే మనిషి. రాత్రి భోజనాల దగ్గర మాటల్లేకుండా లేచిపోయినా, పొద్దున్నే ఆయన పట్టుకున్న ప్యాడ్ల మీదే పంచ్‌లు వేయాలి. అలాంటి కుర్రాడు మైకు ముందు గట్టిగా మాట్లాడితే పొగరు అంటాం. ఆ మాటలు సగం ఎదుటి బాక్సర్‌కు, సగం తనకు తాను చెప్పుకునే ధైర్యం అని నేను నమ్ముతాను.

ఆ ధైర్యం నిజం కాదని కాదు. 2020 అక్టోబర్‌లో, 23 ఏళ్లకే, ఉక్రెయిన్ దిగ్గజం వాసిల్ లోమచెంకోను జడ్జిల ఏకగ్రీవ నిర్ణయంతో ఓడించాడు. కానీ మాటను బట్టి లోపలి మనిషిని అంచనా వేయలేం. 2021 నవంబర్‌లో జార్జ్ కంబోసోస్‌ను మొదటి రౌండ్‌లోనే ముగిస్తానన్నాడు. మొదటి రౌండ్‌లో కింద పడింది తనే. బెల్టులన్నీ పోయాయి. అన్నవాహిక చీలి, ఛాతీ లోపల గాలి చేరిన స్థితిలో రింగ్‌లోకి దిగాడని తర్వాత బయటపడింది. ఫైట్ ముందు అతను విసిరిన సవాళ్లలో దాని ఛాయ కూడా లేదు. ఇంటి టెన్షన్ అయినా అంతే, ప్రెస్ మీట్‌లో కనిపించదు. కనిపించినా ప్రమోటర్లు దాన్ని టికెట్లు అమ్ముకునే కథగా మార్చేస్తారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ కథ ఇక్కడ గుర్తొస్తుంది. ఆమెను మైదానానికి తీసుకెళ్లింది నాన్న జమీల్ అహ్మద్. దెబ్బలు తిన్న కూతురి మొహం చూసి, రేపు పెళ్లెలా అవుతుందని తల్లి ఏడ్చిందట. ఇంట్లో భయాలున్నాయి, బయట మాటలున్నాయి. అయినా తర్వాత ఆమె విశాఖపట్నంలో సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కోచ్ ఐ. వెంకటేశ్వరరావు దగ్గర శిక్షణ తీసుకుంది. కోచ్ కోచ్‌గా, నాన్న నాన్నగా ఉండిపోయారు. 2019 డిసెంబర్‌లోనే, లోపెజ్ బెల్ట్ గెలిచిన రెండు వారాలకు, ఒలింపిక్ క్వాలిఫయర్ కోసం జరిగిన ట్రయల్‌లో మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది. ఓడి వచ్చిన రోజున కోచ్ కాకుండా ఒట్టి నాన్న మాత్రమే అయిన మనిషి ఉండటం చిన్న అండ కాదు. 2022లో ఇస్తాంబుల్‌లో ఆమె ప్రపంచ చాంపియన్ అయింది.

అలాగని తండ్రులు కోచింగ్ మానేయాలని నేను అనను. 2022 డిసెంబర్‌లో సాండోర్ మార్టిన్ మీద కష్టపడి గట్టెక్కాక, లోపెజ్ తన వాళ్లను ఒక ప్రశ్న అడగడం మైకుకు దొరికింది: నాలో ఇంకా ఆ సత్తా ఉందా? చాలామంది దాన్ని బలహీనత అన్నారు. అతను ఏ దాపరికమూ లేకుండా మాట్లాడింది అప్పుడే అని నా అభిప్రాయం. ఆరు నెలల తర్వాత, అప్పటిదాకా ఓటమి ఎరగని జోష్ టేలర్‌ను ఓడించి ఇంకో బరువు విభాగంలోనూ చాంపియన్ అయ్యాడు. ఆ రాత్రి కూడా రింగ్ పక్కన అతని కార్నర్‌లో ఉన్నది నాన్నే.