ఒక్క గీత, ఒక గేట్ పాస్

ప్రెగ్నెన్సీ కిట్‌లో రెండు గీతలు వస్తే ఉన్నట్టు. డ్రగ్స్ కిట్‌లో రెండు గీతలు వస్తే లేనట్టు. ఈ తిరకాసు తెలియని మనిషి చేతికి కిట్ ఇచ్చి గేటు దగ్గర నిలబెడితే ఏమవుతుందో విశాఖలో గాజువాక వైపు ఉండేవాళ్లకు కొంత తెలుసు. ఒక్కోసారి రెండో గీత మసకగా పడుతుంది. మసకగా ఉన్నా అది గీతే, నెగెటివే. కిట్‌తో పాటు వచ్చే మడత కాగితంలో ఆ మాట రాసే ఉంటుంది. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు గేటు ముందు వంద మంది నిలబడి ఉన్నప్పుడు ఆ కాగితం ఎవరు చదువుతారు?

మా వీధి కుర్రాడొకడు రిగ్గర్, తాళ్లతో బరువులు ఎత్తేవాడు. కాంట్రాక్టు పని. నిరుడు షట్‌డౌన్ పనులకని, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులకని ఒక చోటికి వెళ్లాడు. గేట్ పాస్ చేతికిచ్చే ముందు డబ్బాలో మూత్రం పట్టి ఇమ్మన్నారు. ఇచ్చాడు. మార్ఫిన్ అని రాసి ఉన్న గడిలో రెండో గీత పడలేదు, అంటే పాజిటివ్. వాడు నాలుగు రోజులుగా దగ్గు మందు తాగుతున్నాడు. అందులో కోడీన్ అనే నల్లమందు జాతి పదార్థం ఉంది. కోడీన్ ఒంట్లోకి వెళ్లాక కొంత మార్ఫిన్‌గానే మారుతుంది. ఏమైనా మందులు వాడుతున్నావా అని ఆ గదిలో ఒక్కరు అడిగి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. "నువ్వెళ్లరా, రేపు మాట్లాడదాం" అన్నాడు సూపర్‌వైజర్. ఆ రేపు రాలేదు. వాడి పేరు మాత్రం కాంట్రాక్టర్ల వాట్సాప్ గ్రూపులోకి ఆ సాయంత్రానికే వచ్చేసింది.

పరీక్షలే వద్దని నేను అనను. కరిగిన ఇనుమును లాడిల్‌లో (పెద్ద బానలో) మోసుకెళ్లే క్రేన్ల కింద మనుషులు పనిచేసే ఊరు ఇది. ఇటు రిఫైనరీ, షిప్‌యార్డు, రెండు పోర్టులు. అటు పరవాడ ఫార్మాసిటీ, ఇంకాస్త ముందుకెళ్తే అచ్యుతాపురం సెజ్. ఒకడు తూలితే నలుగురి ఇళ్లలో దీపం ఆరిపోయే పనులు. రైల్వేలో లోకో పైలట్ లాబీలో, తాగాడో లేదో చూసే మిషన్‌లో ఊదకుండా ఇంజిన్ ఎక్కడు, దిగి వచ్చాక మళ్లీ ఊదాలి. ఆర్టీసీ డిపోల్లో డ్రైవర్లూ అంతే. వీళ్లెవరూ దాన్ని అవమానంగా తీసుకోవడం చూడలేదు. అందరూ ఊదుతారు, రోజూ ఊదుతారు, దాంతో అది హాజరు వేయించుకోవడం లాంటిదైపోయింది.

నా అభ్యంతరం పరీక్ష మీద కాదు, పరీక్షకూ శిక్షకూ మధ్య ఉండాల్సిన మెట్ల మీద. ఆ మెట్లు కట్టకుండా కిట్ ఒక్కటే కొని, ‘మాది డ్రగ్ ఫ్రీ సైట్’ అని బోర్డు పెట్టేస్తున్నారు.

ఆ మెట్లు ఎలా ఉంటాయో మన ఊళ్లో ఓడ ఉద్యోగులను అడిగితే చెబుతారు. విశాఖలో మర్చంట్ నేవీ కుర్రాడు లేని పేట తక్కువ. ఓడ ఎక్కే ముందు కంపెనీ చెప్పిన డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పద్ధతిగా చేసే చోట ముందు జేబులు ఖాళీ చేయిస్తారు, చేతులు కడిగిస్తారు. బాత్‌రూమ్‌లో కుళాయి కట్టేసి ఉంటుంది, కమోడ్ నీళ్లలో నీలం రంగు కలిపి ఉంటుంది. ఆ నీళ్లు కలిపితే రంగు పట్టిస్తుందన్నమాట. డబ్బాకు అంటించిన పట్టీ మీద వేడి చూస్తారు. నాలుగు నిమిషాల్లోపు 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి, లేకపోతే అది అప్పుడే ఒంట్లోంచి వచ్చినది కాదని అనుమానం. లీటర్లకొద్దీ నీళ్లు తాగి పలచన చేసుకొచ్చారేమోనని మూత్రంలో మామూలుగా ఉండే క్రియాటినిన్ అనే పదార్థం ఎంతుందో కూడా చూస్తారు. ఆ శాంపిల్‌ను అతని కళ్ల ముందే రెండు సీసాల్లో పోసి, సీలు వేసి, సీలు మీద అతని చేతే సంతకం పెట్టిస్తారు. ఒకటి పరీక్షకు, రెండోది ఫ్రిజ్‌లోకి. రేపు తేడా వస్తే తెరవాల్సింది ఆ రెండో సీసానే. డబ్బా ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి, ఎన్ని గంటలకు వెళ్లిందో కాగితం మీద ఉంటుంది.

ఇదంతా ఊరికే రాలేదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డీజ్ అనే టాంకరు బండరాళ్లకు కొట్టుకుని సముద్రమంతా చమురైపోయింది. కెప్టెన్ తాగి ఓడ నడిపాడన్న అభియోగం జ్యూరీ ముందు నిలబడలేదు గానీ, ఆయిల్ కంపెనీలు మాత్రం ఆ తర్వాత ఓడల మీద పరీక్షలు బిగించాయి. నావికుల అంతర్జాతీయ ఒప్పందానికి 2010లో మనీలాలో చేసిన సవరణలతో వాళ్లకు మద్యం పరిమితి వచ్చింది. రక్తంలో 0.05 శాతం, అంటే 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు. మన బీచ్ రోడ్డు మీద స్కూటర్ నడిపేవాడికి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములే. పైలట్ల విషయంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇంకా కచ్చితం. డ్యూటీకి 12 గంటల ముందు నుంచి ముట్టకూడదు, మీటరు మీద సున్నా రావాలి.

ఆ డీజీసీఏనే 2022 జనవరి 31 నుంచి పైలట్లకు, విమానాల రాకపోకలను నియంత్రించే ఏటీసీ సిబ్బందికి డ్రగ్స్ పరీక్షలు మొదలుపెట్టింది. ఏడాదికి కనీసం 10 శాతం మందికి, ముందు చెప్పకుండా. అందులో నాకు నచ్చింది ఒకటుంది. మొదటి కిట్‌లో పాజిటివ్ వస్తే డ్యూటీ నుంచి పక్కన పెడతారు, నిర్ధారణ పరీక్షకు పంపుతారు. అదీ పాజిటివ్ అయితే మొదటిసారికి డీ-అడిక్షన్‌కు పంపుతారు, ఉద్యోగంలోంచి తోసేయరు. విమానం నడిపేవాడికి ఉన్న ఈ రెండో అవకాశం, తాడు పట్టుకుని బరువులు ఎత్తే రిగ్గర్‌కు ఎందుకు లేదు?

కిట్‌ను అంత గుడ్డిగా నమ్మకూడదని చెప్పడానికి వేరే ఊరి ఉదాహరణ అక్కర్లేదు. 2024 మార్చిలో బ్రెజిల్ నుంచి మన పోర్టుకు వచ్చిన కంటైనర్ గుర్తుందా? ఎన్నికల ముందు రాష్ట్రమంతా అట్టుడికింది. 25 వేల కిలోల డ్రై ఈస్ట్ బస్తాలు. అక్కడికక్కడ కిట్‌తో చేసిన పరీక్షల్లో మాదకద్రవ్యాల జాడ ఉందన్నారు. ఏ పార్టీ వాళ్లు ఆ పార్టీ లెక్కలో తిట్టుకున్నారు. తర్వాత ల్యాబ్ నివేదికలు వచ్చి, అందులో డ్రగ్స్ లేవని సీబీఐ తేల్చినట్టు ఆ ఏడాది డిసెంబరులో పత్రికల్లో చదివాం. సీబీఐ చేతిలోని కిట్‌కే ల్యాబ్ తోడు కావాల్సి వచ్చింది. అది ఈస్ట్ కాబట్టి నోరు లేదు, మనిషికైతే ఆ తొమ్మిది నెలలూ ఇంటద్దె కట్టాలి.

కిట్ ఎందుకు పొరబడుతుంది? అది పదార్థాన్ని చూడదు, పదార్థం ఆకారాన్ని పోల్చి చూస్తుంది. దగ్గరి పోలికలున్నది ఏదొచ్చినా తలూపుతుంది. మన దగ్గర జ్వరానికీ మూత్రంలో మంటకూ రాసే లీవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ లాంటివి కొన్ని కిట్లలో నల్లమందు జాతిగా కనిపిస్తాయి. జలుబు మాత్రల్లోని సూడోఎఫెడ్రిన్ అంఫెటమిన్ అనే ఉత్ప్రేరక డ్రగ్ అనిపించుకుంటుంది. ఇక గసగసాలు. ఆదివారం మటన్ కూరలో గసగసాల ముద్ద వేయని ఇల్లు మన వైపు ఎన్ని? అవి నల్లమందు మొక్క గింజలే, వాటికి నిజంగానే కాస్త మార్ఫిన్ అంటుకుని ఉంటుంది. ఈ గింజల వల్లే అమెరికా ప్రభుత్వం 1998లో తన ఉద్యోగుల పరీక్షల్లో ఓపియేట్ల (నల్లమందు జాతి పదార్థాల) హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2,000కు పెంచింది. మన బజార్లో ఇప్పటికీ 300 హద్దు కిట్లు దొరుకుతాయి. కొనే హెచ్ఆర్ ఆఫీసరు ధర చూస్తాడు గానీ పెట్టె మీద ఆ అంకె చూస్తాడా అన్నది నా అనుమానం.

మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రం ఉన్న ల్యాబ్‌లో అయితే పోలిక కాదు, పదార్థమే బయటపడుతుంది. హెరాయిన్ తీసుకున్నవాడి మూత్రంలో 6-అసిటైల్ మార్ఫిన్ అనే జాడ దొరకొచ్చు. గసగసాలు తిన్నవాడిలో, దగ్గు మందు తాగినవాడిలో అది ఉండదు. అయినా యంత్రం ఒక్కటే చాలదు. మా కుర్రాడి శాంపిల్‌ను ఎంత గొప్ప ల్యాబ్‌కు పంపినా కోడీన్, మార్ఫిన్ రెండూ ఉన్నాయనే చెబుతుంది, అది నిజం కూడా. ప్రిస్క్రిప్షన్ తెమ్మని అడిగి, సీసా చూసి, సరే అనేందుకు డాక్టరు కావాలి. అమెరికాలో రవాణా రంగ పరీక్షలకు అలాంటి డాక్టరు తప్పనిసరి. యజమానికి ఫలితం చెప్పే ముందు ఆయన ఉద్యోగికి ఫోన్ చేసి మాట్లాడాలి. ఇక్కడ ఫలితం ముందు సెక్యూరిటీ వాళ్లకు, తర్వాత కాంట్రాక్టరుకు తెలుస్తుంది, చివర్లో ఉద్యోగికి.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మద్యానికీ గంజాయికీ ఒంట్లో ఉండే లెక్క వేరు. రాత్రి పదకొండుకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 150 మిల్లీగ్రాముల ఆల్కహాలుతో పడుకున్నవాడిని తీసుకోండి. లివర్ గంటకు సుమారు 15 చొప్పున తగ్గిస్తుంది. పొద్దున్న ఆరుకు షిఫ్టు ఎక్కేటప్పటికి ఇంకా 45 మిగిలే ఉంటుంది. స్నానం చేశాడు, ఇడ్లీ తిన్నాడు, తనకేం లేదనే అనుకుంటాడు. ఊదే పరీక్ష ఇలాంటివాడిని పట్టుకుంటుంది, పట్టుకోవాలి కూడా. అది ఈ క్షణంలో మనిషి పనికి తగి ఉన్నాడా అన్న ప్రశ్నకే జవాబు. గంజాయి అలా కాదు. అది కొవ్వులో దాక్కుంటుంది. ఒకసారి పీల్చినవాడికి రెండు మూడు రోజులు, రోజూ పీల్చేవాడికి మానేసిన నెల తర్వాతా మూత్రంలో జాడ వస్తుంది. ఆ జాడ మత్తు కాదు, మత్తు దిగిపోయాక మిగిలిన పిప్పి. కాబట్టి మూత్ర పరీక్ష చెప్పేది ఈ షిఫ్టు గురించి కాదు, పోయిన వారాల గురించి. రెండింటికీ ఒకే శిక్ష రాసిపెట్టిన పాలసీలు చూశాను. ఏజెన్సీలో పండిన సరుకు కొండ దిగి మన ఊరి మీదుగానే పోతున్నప్పుడు గంజాయి మీద కోపం నాకూ ఉంది. కానీ కోపం వేరు, కొలత వేరు.

ఊదే మిషన్లకూ తేడాలున్నాయి. ఫ్యూయల్ సెల్ రకం సెన్సరు ఉన్నవి నమ్మదగ్గవి, అవైనా ఎప్పటికప్పుడు కాలిబ్రేషన్ చేయించాలి, అంటే కొలత సరిచూపించాలి. చవక సెన్సర్లున్నవి ఆల్కహాలు కాని వాసనలకూ ఎగురుతాయి. దశమూలారిష్టం తాగి వెంటనే ఊదినా, హోమియో చుక్కలు వేసుకుని ఊదినా నోట్లో మిగిలిన ఆల్కహాలు లెక్కలోకి వస్తుంది. దీనికి మందు తేలిక: నోరు పుక్కిలించి, పావుగంట కూర్చోబెట్టి, మళ్లీ ఊదించడం. ఆ పావుగంట ఇవ్వడానికి గేటు దగ్గర ఒక బెంచీ చాలు.

చట్టం సంగతికొస్తే, మన దేశంలో ప్రైవేటు యజమాని ఉద్యోగికి డ్రగ్స్ పరీక్ష ఎలా చేయాలో చెప్పే ప్రత్యేక చట్టం లేదు. తాగి పనికి రావడం దుష్ప్రవర్తన అని కంపెనీల ఉద్యోగ నిబంధనలైన స్టాండింగ్ ఆర్డర్లలో ఎప్పటినుంచో ఉంది, కానీ దానికి విచారణ జరపాలి, మాట చెప్పుకోనివ్వాలి. నోటి వాసన, తూలుతున్న నడక, పెద్దవైన కంటిపాపలు ఇవే తాగినట్టు రుజువు కావని సుప్రీంకోర్టు 1971లోనే బచ్చూభాయ్ హసనల్లీ కర్యాణీ కేసులో చెప్పింది. డ్రగ్స్‌కైతే ఇంకా మెలిక. మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం వాడటమే నేరం. గంజాయికైతే ఆరు నెలల వరకు జైలో, పది వేల వరకు జరిమానానో, రెండూనో. అంటే హెచ్ఆర్ వాళ్ల టేబుల్ మీద పడి ఉన్న పాజిటివ్ కాగితం ఒక మనిషిని నేరస్తుడనే కాగితం. దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు.

ఇళ్లలోకీ ఈ కిట్లు వచ్చేశాయి. ఆన్‌లైన్లో కొన్ని వందలకే. ఇంజినీరింగ్ చదివే కొడుకు రాత్రి ఆలస్యంగా వస్తున్నాడని ఒక తండ్రి రహస్యంగా కిట్ తెప్పించి నాకు ఫోన్ చేశాడు. "వాడికి తెలియకుండా ఎలా పట్టాలి?" అని. పట్టొద్దన్నాను. పాజిటివ్ వస్తే కొడతాడు, నెగెటివ్ వస్తే కిట్ చెడ్డదంటాడు, ఆయన సంగతి నాకు తెలుసు. సరుకు అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే రాష్ట్ర పోలీసుల మాదకద్రవ్యాల నిరోధక విభాగం ఈగల్‌ది 1972 నంబరు. మానాలనుకునేవాడికి 14446 నంబరు, అది కేంద్రం నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. రెండూ ఒకటే అనుకుని చాలామంది దేనికీ చేయరు. తనంతట తాను చికిత్సకు వచ్చిన బానిసకు కేసు నుంచి మినహాయింపు ఇచ్చే 64ఏ సెక్షన్ అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. తండ్రులకు ముందు అది తెలియాలి.

టెస్టింగ్ సర్వీసులు అమ్మే ల్యాబ్‌లను అడిగితే, కంపెనీలు నిర్ధారణ పరీక్షకు డబ్బు పెట్టవు అంటాయి. కంపెనీలను అడిగితే కాంట్రాక్టరే భరించాలి అంటాయి. కాంట్రాక్టరు కూలీ జీతంలోంచి కోస్తానంటాడు, లేదా అంత గొడవెందుకని ఇంకొకణ్ని తెచ్చుకుంటాడు. రెగ్యులర్ ఉద్యోగికి యూనియన్ ఉంది, విచారణ అడుగుతుంది. ఈ కిట్ల భారమంతా పడేది గేట్ పాస్ మీద బతికేవాళ్ల మీద. పని అప్పగించే టెండరులోనే రెండో పరీక్ష ఖర్చు, డాక్టరు ఫీజు, తేలేదాకా కూలి కలిపి రాయమంటే ఏ మేనేజర్‌కైనా అది పెద్ద మొత్తమేం కాదు. హెల్మెట్ల ఖర్చు రాయడం లేదూ?

మా కుర్రాడు రెండు వారాల తర్వాత సొంత డబ్బుతో మహారాణిపేటలో ఒక ల్యాబ్‌కు వెళ్లి పరీక్ష చేయించుకున్నాడు. అన్నీ నెగెటివ్. ఆ కాగితం పట్టుకుని సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఇవాళ్టిది కదరా అన్నాడు. ఆ ముక్క వరకు ఆయన చెప్పింది నిజమే, మార్ఫిన్ జాడ రెండు మూడు రోజులకు మించి ఉండదు. ఆ రోజు పట్టిచ్చిన మూత్రంలో సగం సీలు వేసి దాచి ఉంటే తేలేది. దాన్ని ఆ రోజే సింకులో పారబోశారు.